కొండసరస్సు చుట్టు ఒకనాటి కాలినడక

నిలకడగా ఉన్న నీటి ఉపరితలము మట్టముగా ఉండునని చిన్న తరగతుల విద్యార్థి కూడ ఎరుగును. ఈ సత్యమే కొండసరస్సుల ఒడ్డున నడువబోవువారిని తరచుగా మోసగించుచున్నది. సరస్సు మట్టముగా ఉన్నది గదా, దాని ఒడ్డు వెంబడి పోవు బాట కూడ మట్టముగానే ఉండునని తలచి, చేతిలో ఒక చిన్న నీళ్లసీసాతో, కాళ్లకు చెప్పులతో బయలుదేరుదురు. ఎదుటి ఒడ్డు కంటికి చాల దగ్గరగా కనబడును. కొండగాలిలో దుమ్ము తక్కువ. అందుచేత దూరపు వస్తువులు కూడ స్పష్టముగా కనబడి, మన కన్నులు వాటిని దగ్గరివిగా లెక్కకట్టును. రెండు గంటలు నడచిన పిమ్మట నిలిచి చూచినచో, బయలుదేరిన చోటు వెనుకను, చేరవలసిన చోటు ముందును సమాన దూరమున ఉండును. నడుమ ఉన్నది చల్లని నీరు మాత్రమే.

ఇందులో ఒక చిన్న రేఖాగణితము ఉన్నది. సరస్సును ఒక వృత్తమనుకొందము. దాని వ్యాసము ఒక మైలైనచో, పక్షికి ఆవలి ఒడ్డు ఒక మైలు. ఒడ్డు వెంబడి నడచు మనుష్యునకు మైలున్నర దాటును, సరిగా చెప్పవలెనన్న 1.57 మైళ్లు. ఇది పెద్ద భేదము కాదనిపించవచ్చును. అసలు చిక్కు వేరొకటి. మామూలు కొండబాటలో అలసిపోయినప్పుడు వెనుకకు మరలవచ్చును; ఎంత త్వరగా మరలిన అంత మేలు. చుట్టుబాటలో సగము దాటిన తరువాత ఆ సౌకర్యము పోవును. అప్పుడు వెనుకకు మరలుట కన్న ముందుకు పోవుటయే దగ్గర. కావున "ఇక చాలు, తిరిగి పోవుదము" అను నిర్ణయము చేయవలసిన సమయము సగము దారికి ముందే ఉన్నది. అనగా ఇంకను ఎవరును అలసిపోక, ఆకాశము నిర్మలముగా ఉండి, అట్టి ఆలోచనయే రాని సమయమున. ఇంటివద్ద కాగితము, పెన్సిలు పట్టుకొని చేయు లెక్కలన్నియు ఈ ఒక్క నిర్ణయము కొరకే.

ఒక నిజమైన సరస్సును తీసికొని ఈ లెక్కలు చేసి చూతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వయోమింగ్ రాష్ట్రమున గ్రాండ్ టీటన్ నేషనల్ పార్కు ఉన్నది. 1929లో ఏర్పడి, 1950లో ఇప్పటి మేరకు విస్తరించిన పార్కు ఇది. దానికి ఉత్తరమున ఎల్లోస్టోన్ ఉన్నది. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు అనేకము వేసవి సెలవులలో ఈ రెంటిని కలిపి చూచివచ్చుచుండును. స్వదేశమునుండి వచ్చిన తల్లిదండ్రులను కూడ వెంటబెట్టుకొని పోవుదురు. గ్రాండ్ టీటన్ పర్వతముల పాదమున ఉన్నది జెన్నీ సరస్సు. దాని నీటిమట్టము సముద్రమట్టమునకు 6,783 అడుగుల ఎత్తున, అనగా సుమారు 2,067 మీటర్ల ఎత్తున ఉన్నది. మన ఊటీ పట్టణము కన్న కొంచెము తక్కువ. చుట్టును పోవు కాలిబాట సుమారు ఏడు మైళ్లు. పడమటి ఒడ్డునుండి కొంచెము పైకి పోయినచో హిడెన్ ఫాల్స్ అను జలపాతమును, ఇంకను పైన 7,200 అడుగుల ఎత్తున ఇన్‌స్పిరేషన్ పాయింట్ అను చూపుతావును ఉన్నవి. ఈ రెండును చూచుకొని వచ్చినచో నడక ఎనిమిది మైళ్లగును. దీనిని సులభమనరాదు, కఠినమనరాదు. నడిమి తరగతి నడక.

పేరును గురించి ఒక్క మాట. జెన్నీ ఒక షోషోనీ తెగకు చెందిన స్త్రీ. ఆమె భర్త రిచర్డ్ లీ 1872లో హేడెన్ నాయకత్వమున జరిగిన సర్వే బృందమునకు దారి చూపెను. సర్వేవారు ఒక సరస్సునకు ఆమె పేరును, పక్క సరస్సునకు అతని పేరును పెట్టిరి. నాలుగేండ్ల తరువాత, 1876లో, జెన్నీయు ఆమె బిడ్డలును మశూచికి బలియైరి. పటములపై పేర్లు చదువునప్పుడు వాటి వెనుక మనుష్యులున్నారని పిల్లలకు చెప్పుట మంచిది.

సరస్సు పుట్టుకయే బాట స్వభావము

ఏ ఒడ్డు సులభము, ఏ ఒడ్డు కష్టము అను విషయమును ఎవరినైన అడిగి తెలిసికొనవచ్చును. కాని సరస్సు ఎట్లు పుట్టినదో తెలిసినచో ఆ సమాధానము మనకే స్ఫురించును. ఉపాధ్యాయులు ఈ భాగమును భూగోళ పాఠమునకు కూడ ఉపయోగించుకొనవచ్చును.

టీటన్ పర్వతములకు ముందు చిన్న గుట్టలు లేవు. చదునైన లోయనుండి గోడ లేచినట్లు పర్వతములు ఒక్కసారిగా లేచును. దీనికి కారణము భూమిపొరలోని ఒక పెద్ద పగులు, భూశాస్త్రజ్ఞులు భ్రంశమని పిలుచునది. పగులునకు పడమటి పక్క పైకి లేచినది. తూర్పు పక్క క్రిందికి క్రుంగినది. ఈ కదలిక ఆరంభమై కోటి సంవత్సరములు కూడ కాలేదు. పైకి లేచిన రాతి వయస్సు మాత్రము సుమారు 270 కోట్ల సంవత్సరములు. చిన్న వయస్సు పర్వతము, ముదుసలి రాయి. ఈ రెండు సంఖ్యలను విద్యార్థులు తరచుగా కలగాపులగము చేయుదురు.

ఆ పిమ్మట మంచు యుగమున కొండలోయలనుండి హిమానీనదములు దిగివచ్చెను. హిమానీనదమనగా మెల్లగా ప్రవహించు మంచు. అది దారిలోని రాళ్లను పెరికి, మట్టిని గోకి, అన్నిటిని ముందుకు నెట్టుకొనివచ్చును. కాస్కేడ్ అను లోయనుండి దిగిన హిమానీనదము లోయ ముఖద్వారమువద్ద గుంట త్రవ్వి, తాను తెచ్చిన రాళ్లను, మట్టిని గుంట అంచున గట్టువలె పేర్చెను. సుమారు పదునాలుగు, పదునైదు వేల సంవత్సరముల క్రిందట మంచు కరగి వెనుకకు తగ్గగా, గుంటలో నీరు నిలిచి సరస్సైనది. మన ఊరి చెరువునకు కట్ట వేసినది మనుష్యులు. జెన్నీ సరస్సునకు కట్ట వేసినది మంచు. ఈ కట్టకే భూశాస్త్రములో మొరెయిన్ అని పేరు.

ఇప్పుడు బాటను చూడుడు. దక్షిణ, తూర్పు ఒడ్డులు ఈ కట్టపైన ఉన్నవి. అక్కడ బాట మట్టిబాట. చిన్న చిన్న ఎగుడుదిగుడులే తప్ప పెద్ద ఎక్కుడు లేదు. పడమటి ఒడ్డు పర్వతపు అడుగునే ఉన్నది. అక్కడ బాట పైనుండి దొర్లిపడిన బండరాళ్ల నడుమ పోవుచు, ఎక్కుచు, దిగుచు ఉండును. నీరు రెండు పక్కలను ఒకే మట్టమున ఉన్నను బాటలు రెండు తీరులు.

చెట్లు కూడ ఈ కథను చెప్పును. కట్టలోని మెత్తని మట్టి వాననీటిని పట్టి ఉంచును. కావున దానిపై పైన్ చెట్లు దట్టముగా పెరుగును. దాని ఆవల హిమానీనదపు నీరు కొట్టుకొనివచ్చి పరచిన గులకరాళ్ల మైదానములో నీరు నిలువక ఇంకిపోవును. అక్కడ బూడిదరంగు సేజ్ పొదలు మాత్రమే కలవు. ఎత్తునుండి చూచినచో పైన్ వనము సరస్సును చుట్టిన ఆకుపచ్చని వడ్డాణమువలె కనబడును. నీడ ఎక్కడ దొరకునో, ఎండ ఎక్కడ తగులునో దీనినిబట్టి ముందే చెప్పవచ్చును.

గడియారముతో లెక్క

స్కాట్లండు పర్వతారోహకుడు విలియం నెయిస్మిత్ 1892లో ఒక సూత్రము చెప్పెను. మూడు మైళ్లకు ఒక గంట. ఎక్కిన ప్రతి 2,000 అడుగులకు మరియొక గంట. మెట్రిక్ కొలతలలో సుమారుగా ఐదు కిలోమీటర్లకు ఒక గంట, 600 మీటర్ల ఎక్కుడునకు ఒక గంట. దాదాపు నూట ముప్పది సంవత్సరములు గడచినను ఇంతకన్న సులభమైన సూత్రము ఎవరును ఇయ్యలేదు.

దీనిని నమ్ముటకు స్కాట్లండు పోనక్కరలేదు. అలిపిరి మెట్ల దారి మనలో అనేకులు ఎక్కినదే. దూరము సుమారు తొమ్మిది కిలోమీటర్లు, మెట్లు 3,550, తిరుపతికిని తిరుమలకును ఎత్తులో భేదము సుమారు 700 మీటర్లు. సూత్రము ప్రకారము దూరమునకు ఒక గంట 48 నిమిషములు, ఎక్కుడునకు ఒక గంట 10 నిమిషములు. మొత్తము ఇంచుమించు మూడు గంటలు. ఆరోగ్యవంతులు ఆగకుండ నడచినచో ఇంత సమయమే పట్టును. నడుమ కూర్చుండుచు, పిల్లలను లాలించుచు పోవువారికి నాలుగు గంటలు, ఐదు గంటలు కూడ పట్టుచుండును. ఈ భేదమును గుర్తుంచుకొనుడు. సూత్రము చెప్పునది కాళ్ల సమయము. కుటుంబముల సమయము కాదు.

ఇప్పుడు జెన్నీ సరస్సు. ఒక తెలుగు కుటుంబమును ఊహించుకొందము: తల్లి, తండ్రి, పదమూడేండ్ల కుమార్తె, గుంటూరునుండి వచ్చిన అరువదిరెండేండ్ల తాతగారు. దూరము ఎనిమిది మైళ్లు: రెండు గంటల 40 నిమిషములు. చూపుతావునకు ఎక్కుడు 417 అడుగులు. బాటలోని చిల్లర ఎక్కుళ్లను కలిపి 700 అడుగులనుకొందము: 21 నిమిషములు. మొత్తము మూడు గంటలు. తాతగారి నడక, రాళ్లబాట, పలుచని గాలి, వీటి నిమిత్తము సగము కలుపవలెను: నాలుగున్నర గంటలు. భోజనమునకు, విశ్రాంతికి, చూచుటకు గంటన్నర. వెరసి ఆరు గంటలు. బృందము నడచునది అందరిలో మెల్లగా నడచువాని వేగముతోనే గాని సగటు వేగముతో కాదు. గణితములో సగటునకు ఉన్న గౌరవము కాలిబాటలో లేదు.

ఇక బయలుదేరుట ఎప్పుడు? ఈ లెక్కను వెనుకనుండి చేయవలెను. టీటన్ పర్వతములలో వేసవి మధ్యాహ్నములందు ఉరుములతో కూడిన వాన సాధారణము. ఎండకు కొండవాలు వేడెక్కి, దానిని అంటిన గాలి పైకి లేచి, చల్లబడి, మేఘమగును. ఈ క్రియకు ఉదయమంతయు పట్టును. కావుననే ముప్పు మధ్యాహ్నమున వచ్చును. ఒంటిగంటకు నడక ముగియవలెనన్న ఉదయము ఏడు గంటలకు మొదటి అడుగు పడవలెను. పగటి వెలుతురునకు కొరత లేదు. ఆ అక్షాంశమున జూన్ నెలాఖరున పగలు పదిహేను గంటలకు పైగా ఉండును. హైదరాబాదులో అదే రోజున పదమూడు గంటలే. కాని వెలుతురు ఉన్నంత మాత్రమున సమయము ఉన్నట్లు కాదు.

ఏ వైపునుండి చుట్టవలెను? బండ్లు నిలుపు స్థలము సరస్సునకు ఆగ్నేయ మూలను ఉన్నది. అక్కడినుండి గడియారపు ముల్లు తిరుగు దిక్కున పోవుట మేలని నా అభిప్రాయము. మొదట దక్షిణపు ఒడ్డున సుమారు రెండుంబావు మైళ్లు. తరువాత జలపాతము, చూపుతావు, మైలుంబావు. అటుపిమ్మట పడమటి ఒడ్డున ఉత్తరముగా స్ట్రింగ్ సరస్సు వంతెనవరకు మైలున్నరకు పైగా. చివరకు తూర్పు ఒడ్డున మూడు మైళ్లు. ఎక్కుడు ఉన్న భాగము చల్లని వేళను, కాళ్లలో బలమున్నప్పుడే ముగియును. అలసిన తరువాత వచ్చునది సుగమమైన ఒడ్డు, పక్కనే మోటారు రోడ్డు. ఇంతకన్న ముఖ్యమైన కారణము మరియొకటి. అక్కడ గాలివానలు ఎక్కువగా పడమటినుండి వచ్చును. పడమటి ఒడ్డున ఉన్నవానికి పర్వతపు గోడ అడ్డముండి, మేఘము తల మీదికి వచ్చువరకు కనబడదు. ఆ భాగమును ఉదయమే దాటిపోవలెను.

పైన చెప్పిన నిర్ణయస్థానము కూడ ఈ దారిలో తానే వచ్చును. వేసవిలో తూర్పు రేవునుండి పడమటి ఒడ్డునకు పడవలు నడచును. పావుగంట లోపుగా దాటించును. మన వృత్తమునకు పడవ ఒక వ్యాసము గీయుచున్నదన్నమాట. మన లెక్క ప్రకారము జలపాతము, చూపుతావు చూచి పడమటి రేవునొద్దకు దిగునప్పటికి తొమ్మిదిముప్పావు అగును. పదిన్నర దాటినను, తాతగారి మోకాలు నొప్పి పెట్టినను, ఆకాశమున మేఘములు గోపురములవలె లేచుచున్నను, అక్కడ పడవ ఎక్కవలెను. ఈ షరతులను ముందునాటి రాత్రియే కాగితముపై వ్రాసికొనవలెను. ఒడ్డున నిలిచి చర్చించినచో ఉత్సాహవంతులదే పైచేయి అగును. అలసినవారు మొగమాటముచేత నోరు విప్పరు. పడవల ఋతువు మే నడిమినుండి సెప్టెంబరు చివరివరకే. చివరి పడవ వేళను ఆ ఉదయమే అడిగి తెలిసికొనవలెను. ఉరుములు మొదలైన తరువాత పడవను నమ్ముకొనరాదు.

పటము, దారము

బాట పొడవును పటముపై కొలుచుట తరగతిలో చేయదగిన మంచి పని. అమెరికా సర్వేవారి పటములలో ఒక రకము 24,000 వంతుల స్కేలుది. అందులో ఒక అంగుళము 2,000 అడుగులు. మన భారత సర్వేవారి 50,000 వంతుల పటములో రెండు సెంటీమీటర్లు ఒక కిలోమీటరు. ఒక దారమును తడిపి, బాట మెలికల వెంబడి పరచి, తరువాత చాచి కొలువవలెను. ఇట్లు వచ్చిన దూరము ఎప్పుడును అసలు దూరము కన్న తక్కువగానే ఉండును. పటము గీచినవాడు చిన్న మెలికలను విడిచిపెట్టును, దారము మరికొన్నిటిని విడిచిపెట్టును. కాలు మాత్రము ఒక్కదానిని కూడ విడువదు. పదింట ఒక వంతు కలుపుట నా అలవాటు.

సమోన్నత రేఖలు దగ్గరగా గుమిగూడిన చోట నిటారుగా ఉండుననియు, దూరముగా ఉన్నచోట చదునుగా ఉండుననియు పాఠ్యపుస్తకములలో ఉన్నదే. సరస్సు పటములో మరియొకటి గమనింపవలెను. ఒడ్డునకు ఆనుకొని రేఖలు గుమిగూడి ఉన్నచో అక్కడ నీటి అంచున నడచుటకు స్థలము లేదన్నమాట. బాట పైకెక్కి మరల దిగును.

పటము చెప్పలేని విషయములు కూడ ఉన్నవి. 2018 జూలైలో చూపుతావు వద్ద ఒక పెద్ద రాతిభాగమున పగుళ్లు పెరుగుచున్నవని గమనించి, పార్కు అధికారులు ఆ పరిసరములను కొంతకాలము మూసివేసిరి. పగుళ్లలో నీరు చేరి, గడ్డకట్టి, వ్యాకోచించుట కొండరాళ్లను చీల్చు ముఖ్యమైన క్రియలలో ఒకటి. బాట తెరచి ఉన్నదా, మంచు ఎక్కడైన మిగిలియున్నదా అను రెండు ప్రశ్నలను బయలుదేరు ఉదయమే సందర్శకుల కేంద్రములో అడుగవలెను. నిరుటి అనుభవము చాలదు.

గాలి, నీరు, తిండి

6,783 అడుగుల ఎత్తున వాయుపీడనము సముద్రమట్టమున ఉన్నదానిలో 78 శాతము మాత్రమే. హైదరాబాదులో అది 94 శాతము. కావున హైదరాబాదునుండి పోయినవానికి ఒక్కొక్క ఊపిరిలో లభించు ప్రాణవాయువు సుమారు ఆరవ వంతు తగ్గును. కూర్చున్నప్పుడు తెలియదు, ఎక్కుచు మాటలాడబోయినప్పుడు తెలియును. ఆయాసపడకుండ ఒక వాక్యము పూర్తిగా పలుకగలిగినంత వేగముతో నడువవలెను. ఇది వైద్యపరికరము అక్కరలేని పరీక్ష. విమానము దిగిన మరునాడే నడకకు పోక, ఒక దినము ఆ ఎత్తున గడపుట పెద్దలకు మరింత అవసరము. గుండెజబ్బు, ఉబ్బసము ఉన్నవారు తమ వైద్యుని అడిగియే ఈ కార్యక్రమమునకు పూనుకొనవలెను.

సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు ప్రతి వేయి మీటర్లకు ఇంచుమించు పది శాతము హెచ్చును. అనగా అక్కడ ఐదవ వంతు అధికము. గాలి చల్లగా ఉండుటచేత చర్మము కమలుట సాయంకాలమువరకు తెలియదు. టోపీ, నల్లకళ్లద్దములు విలాసవస్తువులు కావు.

నీటి లెక్క సులభము. నడిమి తరగతి నడకకు గంటకు అర లీటరు. ఆరు గంటలకు మూడు లీటర్లు, నలుగురికి పన్నెండు లీటర్లు. అనగా పన్నెండు కిలోల బరువు. తాతగారి బరువును తక్కిన ముగ్గురు పంచుకొనవలెను. ఎదుట సరస్సు నిండ నిర్మలమైన నీరుండగా ఈ మోత యేల అని పిల్లలు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. జంతువుల మలమునుండి నీటిలో చేరు జియార్డియా వంటి సూక్ష్మజీవులు కంటికి కనబడవు. నీరు స్ఫటికమువలె ఉన్నను అవి ఉండవచ్చును. కాచి త్రాగవలెనన్న మామూలు చోట్ల కళపెళ మరిగిన తరువాత ఒక నిమిషము చాలును. 6,500 అడుగులకు పైన మూడు నిమిషములు మరిగించవలెనని ఆరోగ్యశాఖవారి సూచన. పీడనము తగ్గుటచేత అక్కడ నీరు సుమారు 93 డిగ్రీల సెంటిగ్రేడునకే మరుగును. వేడి తక్కువైన కొలది సమయము ఎక్కువ కావలెను. జెన్నీ సరస్సు ఈ గీతకు 283 అడుగులు పైన ఉన్నది. పప్పు ఉడుకుటకు కొండలపై ఎక్కువసేపు పట్టుటకును ఇదియే కారణము.

తిండి విషయములో ఒక వింత లెక్క ఉన్నది. 60 కిలోల మనిషి 700 అడుగులు, అనగా 213 మీటర్లు, ఎక్కుటకు చేయు పని 60ని 9.8తోను 213తోను గుణింపగా సుమారు 1,25,000 జౌళ్లు. ఇది 30 కిలో కేలరీలు మాత్రమే! ఒక అరటిపండులో ఇంతకు మూడు రెట్లుండును. మరి ఇంత ఆకలి యేల? కండరములు తాము వాడుకొన్న శక్తిలో నాలుగవ వంతు కూడ పనిగా మార్చలేవు. మిగిలినది వేడియై పోవును. అంతేకాక చదునుగా నడచుటకును, దిగునప్పుడు శరీరమును నిలుపుకొనుటకును, గుండె, ఊపిరితిత్తులు పనిచేయుటకును శక్తి కావలెను. అన్నియు కలిసి గంటకు 300 నుండి 350 కిలో కేలరీలగును. నాలుగున్నర గంటల నడకకు సుమారు 1,500. పులిహోర, చపాతీలు, వేరుసెనగ ఉండలు, అరటిపండ్లు చక్కగా సరిపోవును. ఒకేసారి కడుపునిండ తినుట కన్న గంటకొకసారి కొంచెము తినుట మేలు.

ఆ పులిహోర వాసన మనకొక్కరికే రుచించునది కాదు. ఆ అడవిలో నల్ల ఎలుగుబంట్లును, గ్రిజ్లీ అను పెద్ద జాతి ఎలుగుబంట్లును ఉన్నవి. తిండిసంచిని ఒక్క నిమిషము కూడ విడిచిపోరాదు. తొక్కలు, మెతుకులు కూడ తిరిగి తేవలెను. మనుష్యుల తిండి రుచి మరిగిన ఎలుగుబంటి మనుష్యులకు భయపడుట మానును. చివరకు ప్రాణము పోగొట్టుకొనునది తరచుగా ఆ జంతువే. ఎలుగుబంట్లకు, తోడేళ్లకు 100 గజములు, మూస్ అను భారీ దుప్పికిని తక్కిన జంతువులకును 25 గజములు దూరముండవలెనని పార్కు నియమము. గుంపుగా, మాటలాడుచు నడువవలెను. తెలుగు కుటుంబములకు ఈ నియమము పాటించుట కష్టము కాదు. ఎలుగుబంటి కనబడినచో పరుగెత్తరాదు. మిరపకారపు సారముతో చేసిన పిచికారి డబ్బా అచ్చట దొరకును. దానిని సంచి అడుగున గాక నడుమునకు కట్టుకొనవలెను.

పిడుగు, చలినీరు

మెరుపు కనబడిన క్షణమునుండి ఉరుము వినబడువరకు సెకన్లు లెక్కపెట్టుడు. శబ్దము మూడు సెకన్లలో ఒక కిలోమీటరు పోవును. ముప్పది సెకన్ల లోపుగా ఉరుము వినబడినచో పిడుగు పది కిలోమీటర్ల లోపల ఉన్నది. అది ప్రమాదపు మేర. అప్పుడు నీటి అంచును, తెరపి ఒడ్డును, ఒంటరి చెట్టును, ఎత్తైన బండను విడిచి, ఇంచుమించు ఒకే ఎత్తు చెట్లున్న దట్టమైన పల్లపు వనములోనికి పోవలెను. చివరి ఉరుము తరువాత అరగంటవరకు మరల ఒడ్డునకు రారాదు. 2010 జూలై 21న గ్రాండ్ టీటన్ శిఖరముపై పిడుగులు పడి పర్వతారోహకులలో ఒకరు మరణింపగా, పదునారుగురిని హెలికాప్టర్లతో దించవలసివచ్చినది. సరస్సు ఒడ్డు శిఖరమంత అపాయకరము కాదు గాని, ఆ మేఘము క్రిందనే ఉన్నది.

జూలైలో అక్కడ మధ్యాహ్నపు వేడి సుమారు 27 డిగ్రీలు, తెల్లవారుజామున 5 డిగ్రీలు. ఏడు గంటలకు బయలుదేరువానికి ఉన్ని చొక్కా కావలెను, పదునొకండు గంటలకు అది సంచిలోనికి పోవలెను. ఒక మందపు కోటు కన్న రెండు మూడు పలుచని దుస్తులు మేలు. తడిసిన నూలు బట్ట వెచ్చదనమునీయదు; మన ఊళ్లలో వరమైన నూలు అక్కడి వానలో శత్రువగును. పలుచని వానకోటు ఒకటి మరువరాదు.

అన్నిటికన్న పెద్ద అపాయము మాత్రము చూపునకు అందమైనదే. జెన్నీ సరస్సునకు వచ్చునది కొండల మంచు కరగిన నీరు. పైన ఎండ కాయుచున్నను నీరు చల్లగా ఉండును. నీరు శరీరపు వేడిని గాలి కన్న ఇరువదియైదు రెట్లు వేగముగా లాగివేయును. అతిచల్లని నీటిలో అకస్మాత్తుగా పడినచో మొదటి నిమిషమున శ్వాస అదుపు తప్పి ఎగబీల్చును. ఆ సమయమున తల నీటిలో ఉన్నచో ఊపిరితిత్తులలోనికి నీరు పోవును. పది నిమిషములలో చేతులు, కాళ్లు పట్టుతప్పును. ఈత వచ్చినను ఈదలేడు. చలికి స్పృహ తప్పుట ఇంకను తరువాతి మాట. కావున చలినీటిలో మునుగువారిలో అనేకులు చలిచేత గాక మొదటి నిమిషములలో ఈత విఫలమగుటచేత మునుగుదురు. పడినవాడు వెంటనే ఈదబూనక, ఒక నిమిషము వెల్లకిల తేలుచు ఊపిరి కుదుటపడనిచ్చి, తరువాత ఒడ్డునకు రావలెను. తడి బండపైకి, తేలుచున్న దుంగపైకి ఛాయాచిత్రము కొరకు ఎవరును ఎక్కరాదు.

ఇది మనకు దూరపు మాట కాదు. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో మండీ జిల్లాలో, బియాస్ నదిలోని రాళ్లపై దిగి ఫోటోలు తీసికొనుచున్న హైదరాబాదు ఇంజనీరింగు విద్యార్థులు ఇరువది నలుగురును, వారి వెంట ఉన్న యాత్రా సహాయకుడొకడును, ఎగువ లార్జీ జలాశయమునుండి వదలిన నీటిలో కొట్టుకొనిపోయిరి. అది సరస్సు కాదు, నది. కారణము చలి కాదు, అకస్మాత్తుగా పెరిగిన నీరు. కాని వారికి కొరవడినది పటముతో దొరకు ఒక ప్రశ్న: ఈ నీటికి ఎగువన ఏమి ఉన్నది? ఆ ప్రశ్నను అడుగవలసిన బాధ్యత పద్దెనిమిది, ఇరువదియేండ్ల పిల్లలది మాత్రమే కాదు. వారిని వెంటబెట్టుకొని పోయిన పెద్దలది. పాఠశాల విహారయాత్రకు పిల్లలను తీసికొనిపోవు ఉపాధ్యాయుడు ఏ జలాశయపు దిగువనైనను, ఏ కొండవాగు దరినైనను మొదట పటములో ఎగువ భాగమును చూడవలెను.

చివరి పని నడకకు ముందునాటి రాత్రి చేయవలసినది. ఒక కాగితముపై ఇట్లు వ్రాయవలెను: ఎవరెవరు పోవుచున్నారు, వారి వయస్సులు, ఏ దుస్తులు, బండి నంబరు, ఎక్కడ నిలిపినారు, ఏ దిక్కున చుట్టుచున్నారు, ఎన్ని గంటలకు ముగించెదరు. కొండలలో సెల్ ఫోన్ పలుకకపోవచ్చును గనుక ఈ కాగితము ఫోన్‌లో గాక నడకకు రాని ఒకరి చేతిలో ఉండవలెను. హోటలు బల్లవద్ద ఉన్నవారైనను, వేరే ఊరిలోని బంధువైనను సరే. మన కుటుంబపు లెక్కలో నడక ఒంటిగంటకు ముగియును. కాగితములో మాత్రము "సాయంత్రము ఐదు గంటల లోపుగా మేము పిలువనిచో పార్కు రేంజర్లకు తెలుపుడు" అని వ్రాయవలెను. నాలుగు గంటల ఎడము ఉన్నది. అనవసరపు గాభరా కలుగదు, వెదకువారికి ఇంకను మూడు నాలుగు గంటల వెలుతురు మిగులును. నడక ముగిసి బండి ఎక్కిన తరువాత ఆ కాగితము ఉన్నవారికి ఫోన్ చేసి, వచ్చితిమని చెప్పుట పదమూడేండ్ల కుమార్తె పని.